ప్రెసిషన్ ఎం4700కి కొత్త ప్రాసెసర్: ఒక్క సాయంత్రం పని, పందొమ్మిది రోజుల డైరీ

మెషీన్: డెల్ ప్రెసిషన్ ఎం4700, 2012 నాటిది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నా చేతికొచ్చేసరికి లోపల ఉన్నది ఐ5-3320ఎం అనే ప్రాసెసర్: రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడవగల పనుల వరసలు). ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంది, లినక్స్ మింట్ నడుస్తోంది.

పని: మా అక్క ఖమ్మంలో ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెబుతుంది. రికార్డు చేసిన పాఠాలు నాకు పంపుతుంది, నేను సైజు తగ్గించి తిరిగి పంపాలి.

బడ్జెట్: రూ. 4,000. ఒక్క రూపాయి ఎక్కువ పెట్టినా దండగే. ఈ తరం ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కొన్ని అడుగుతున్న ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్టు కూడా వీటిలో లేదు. లినక్స్ మీద ఇంకో రెండు మూడేళ్ళు ఈడుస్తుందన్న లెక్కతోనే దిగాను.

దశ 0: ముట్టుకోకముందు కొలత (ఏప్రిల్ 4)

ప్రతిసారీ ఒకే పరీక్ష. 42 నిమిషాల పాఠం, 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు, అంటే మొత్తం 63,000 ఫ్రేములు. వీడియో సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్‌లో ఎక్స్264 ఎన్‌కోడర్, మీడియం ప్రీసెట్, క్వాలిటీ 22. పక్క విండోలో ప్రాసెసర్ వేగం, వేడి చూపే టర్బోస్టాట్. గోడకీ అడాప్టర్‌కీ మధ్య వాట్ మీటర్. గది ఉష్ణోగ్రత కూడా రాసుకున్నాను. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఏసీ గదికీ ఏసీ లేని గదికీ పది డిగ్రీల తేడా ఉంటుంది, ఆ అంకె లేకుండా ప్రాసెసర్ వేడి ఎంతో చెప్పుకోవడంలో అర్థం లేదు.

- సమయం: 93 నిమిషాల 45 సెకన్లు (సెకనుకు 11.2 ఫ్రేములు)
- వేడి: 104 డిగ్రీలు. ఈ చిప్పుకి హద్దు 105.
- వేగం: రెండు కోర్లూ 3.1 గిగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. 2.8, 2.9 మధ్య కొట్టుకుంటోంది.
- గది: 33 డిగ్రీలు

హద్దుకి ఒక్క డిగ్రీ దూరంలో ఉడుకుతున్న మెషీన్‌లో ఇంకా పెద్ద చిప్పు పెడితే ఏమవుతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. ముందు పాత చిప్పుతోనే కూలింగ్ సరిచేయాలి.

ఖర్చు: 0

దశ 1: అదే చిప్పు, కొత్త పేస్టు (ఏప్రిల్ 5)

ఈ మోడల్‌లో నాకు నచ్చే సంగతి, అడుగు మూత మొత్తం ఒకే పలకగా ఊడొస్తుంది. ప్రాసెసర్‌కి ఒక ఫ్యాను, గ్రాఫిక్స్‌కి వేరే ఫ్యాను. పెద్ద ప్రాసెసర్‌కి ఇది మంచి ఇల్లే.

బయటి నుంచి బ్లోయర్‌తో నెలనెలా దుమ్ము ఊదేవాణ్ణి. అది ఎందుకు పనిచేయలేదో ఫ్యాను విప్పాక తెలిసింది. దుమ్ము ఫ్యాను రెక్కల మీద లేదు. ఫ్యానుకీ, వేడి వదిలే పలచటి రాగి రేకులైన ఫిన్నులకీ మధ్య ఉన్న సన్నటి సందులో, పాత బొంత ముక్కలాగా మందంగా పేరుకుంది. బయటి నుంచి ఊదితే అది ఇంకా గట్టిగా ఫిన్నులకి అతుక్కుంటుంది తప్ప బయటికి రాదు. చిమటాతో పట్టి లాగితే చాపలాగా ఒకే ముక్కగా వచ్చింది. హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు భాగం) కింద, చిప్పు నుంచి దానికి వేడి దాటించే పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు వేశాను.

- సమయం: 86 నిమిషాల 47 సెకన్లు (12.1 ఫ్రేములు)
- వేడి: 81 డిగ్రీలు
- వేగం: 3.1 దగ్గర స్థిరం
- గోడ దగ్గర: 62 వాట్లు

ఏడు నిమిషాలు ఊరికే వచ్చాయి. చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు.

ఖర్చు: పేస్టు 420, ఆల్కహాల్ 190, బ్రష్షూ దూదీ 60. మొత్తం రూ. 670

దశ 2: ఏ చిప్పు? (ఏప్రిల్ 7)

ముందు ఏవి సరిపోవో తేల్చుకోవాలి. ఎం4700లో ఉన్నది 988 పిన్నుల సాకెట్, ఆర్‌పీజీఏ988బీ. ఇంటెల్ మూడో తరం మొబైల్ చిప్పులు దీనివి. నాలుగో తరానివి 947 పిన్నుల వేరే సాకెట్‌వి, ఇందులో దూరవు. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ చిప్పులు బోర్డుకి టంకం వేసే వస్తున్నాయి, మార్చుకునే యోగమే లేదు. ఇంకో గొయ్యి: పేరు చివర క్యూఎం ఉన్నంత మాత్రాన సాకెట్ చిప్పు కాదు. 3615క్యూఎం, 3635క్యూఎం మూడో తరానివే, కానీ టంకం రకం. తక్కువకి దొరికాయని కొంటే కీచైన్ చేసుకోవాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్ళి నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన డ్రాయర్‌లోంచి ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. "అన్నా, గీ ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్ పెట్టుకో, రాకెట్ లెక్క ఉరుకుతది." అది 3940ఎక్స్ఎం. 55 వాట్ల చిప్పు, అడిగిన ధర 12,000. ల్యాప్‌టాప్‌ని నేను కొన్నది 14,500కి.

నాకు చెప్పిన ధరలు ఇవి. మొదటి అంకె ఒక్క కోరు నడిచినప్పటి గరిష్ఠ వేగం, రెండోది నాలుగు కోర్లూ నడిచినప్పటిది:

1. ఐ7-3610క్యూఎం: 3.3 / 3.1, రూ. 1,700
2. ఐ7-3630క్యూఎం: 3.4 / 3.2, రూ. 1,900
3. ఐ7-3740క్యూఎం: 3.7 / 3.5, రూ. 2,900
4. ఐ7-3840క్యూఎం: 3.8 / 3.6, క్యాష్ (చిప్పు లోపలి చిన్న మెమరీ) 6 బదులు 8 ఎంబీ, రూ. 5,500

నాలుగూ 45 వాట్లవే, నాలుగింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. వీడియో పనికి చూడాల్సింది రెండో అంకె. 3630 నుంచి 3740కి వెళితే 300 మెగాహెర్ట్జ్‌కి వెయ్యి రూపాయలు. అక్కణ్ణుంచి 3840కి వెళితే 100 మెగాహెర్ట్జ్‌కి 2,600. లెక్క తేలిపోయింది: 3740.

ఈ లెక్కలో ఒక తప్పుంది. అది పదిహేను రోజుల తర్వాత గానీ నాకు తట్టలేదు.

సీటీసీలో 3740 స్టాకు లేదు. ఆన్‌లైన్‌లో పాత విడిభాగాలు అమ్మే ఒకతని దగ్గర అదే ధరకి ఆర్డర్ పెట్టాను. అడగాల్సింది ఒకటి అడిగాను: ఇంజనీరింగ్ శాంపిల్ కాదు కదా? అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసే అలాంటి చిప్పుల మీద ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటుంది, కొన్ని బయాస్‌లు (మెషీన్ ఆన్ అవగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) వాటిని గుర్తుపట్టవు. కాదన్నాడు. అడగాల్సిన రెండోది, చిప్పు మీది కోడ్ కనిపించేలా ఫోటో పంపమనడం, మర్చిపోయాను.

ఖర్చు: 670 + చిప్పు 2,900 + కొరియర్ 120. మొత్తం రూ. 3,690

దశ 3: బిగింపు (ఏప్రిల్ 11, శనివారం)

1. పాత చిప్పు ఉండగానే బయాస్‌ని తాజా వెర్షన్‌కి మార్చుకోవాలి. బ్యాటరీ, అడాప్టర్ రెండూ పెట్టి ఉండాలి.
2. తర్వాత రెండూ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి.
3. మూత, ఫ్యాను, హీట్‌సింక్ తీయాలి. హీట్‌సింక్ స్క్రూలు ఒక్కోటి సగం సగం వదులు చేయాలి.
4. సాకెట్ అంచున చదును స్క్రూడ్రైవర్ పట్టే కన్ను ఉంటుంది. దాన్ని తాళం తీసిన గుర్తు వైపు తిప్పితే చిప్పు తేలిగ్గా లేస్తుంది.
5. కొత్త చిప్పు మూల మీది చిన్న త్రికోణం సాకెట్ త్రికోణానికి ఎదురుగా ఉండాలి. నొక్కకూడదు. సరిగ్గా పెడితే దాని బరువుకే దిగుతుంది.
6. కన్ను తిప్పి బిగించి, గోధుమ గింజంత పేస్టు వేసి, హీట్‌సింక్ పెట్టాలి.

నలభై నిమిషాల్లో అయిపోయింది. ఆన్ చేశాను. బయాస్‌లో పేరు కనిపించింది: ఐ7-3630క్యూఎం.

కొన్నది 3740. వచ్చింది 3630. చిప్పు మీద పాత పేస్టు గట్టిగా అంటి ఉంటే, పైపైన తుడిచి పెట్టేశాను, కోడ్ చదవలేదు. విప్పి, ఆల్కహాల్‌తో రుద్ది, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే ఎస్‌ఆర్0యూఎక్స్. 3740కి ఉండాల్సింది ఎస్‌ఆర్0యూవీ. చివరి ఒక్క అక్షరమే తేడా. అమ్మినతనికి ఫోటో పంపితే పొరపాటైందని ఒప్పుకున్నాడు, సరైనది పంపడానికి పది రోజులు పడుతుందన్నాడు, అప్పటిదాకా ఇది వాడుకోమన్నాడు. మర్యాదస్తుడే. నేనూ ఒప్పుకున్నాను. సరే, ఎలాగూ ఉంది కదా అని దీన్నే కొలవడం మొదలుపెట్టాను.

ఖర్చు: మార్పు లేదు, రూ. 3,690

దశ 4: కొత్త చిప్పు, పాతదానికన్నా నెమ్మది (ఏప్రిల్ 11 నుంచి 13)

- సమయం: 112 నిమిషాల 54 సెకన్లు (9.3 ఫ్రేములు)
- వేడి: 52 డిగ్రీలు
- వేగం: 1,197 మెగాహెర్ట్జ్. ఎనిమిది థ్రెడ్లూ అక్కడే. ఒక్క చుక్క పైకి లేవడం లేదు.

నాలుగు కోర్లున్న ఐ7, రెండు కోర్ల ఐ5 కన్నా 26 నిమిషాలు ఆలస్యం. ఆ రాత్రి అక్క ఫోన్. "ఏందిరా, కొత్తది పెట్టిన అన్నవ్, పొద్దటి పాఠం ఇంకా రాలే?" చెప్పుకోలేని పరిస్థితి.

తప్పు చిప్పు వచ్చింది కాబట్టి చెడ్డ చిప్పే వచ్చి ఉంటుందని మనసులో తీర్మానం చేసేసుకున్నాను. ఇక్కడ పోయాయి రెండు రోజులు. చేసినవి వరసగా:

1. పేస్టు మళ్ళీ వేశాను, రెండుసార్లు. 52 డిగ్రీల దగ్గర పేస్టుతో పనేమిటని అప్పుడు తోచలేదు. ట్యూబు ఖాళీ.
2. బయాస్‌ని ఫ్యాక్టరీ సెట్టింగులకి తెచ్చాను. అదే 1,197.
3. లినక్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌కి మార్చాను. అదే.
4. యూఎస్‌బీ నుంచి వేరే లినక్స్ బూట్ చేశాను. అదే.
5. చివరికి ఆదివారం రాత్రి పాత ఐ5ని తిరిగి బిగించాను. ఐ5 కూడా 1,197 దగ్గరే ఆగింది!

ఇది మొదటే చేయాల్సింది. శుక్రవారం దాకా 3.1లో పరిగెత్తిన చిప్పు ఇప్పుడు 1.2లో నడుస్తోందంటే, కొత్త చిప్పుకి దీంతో సంబంధం లేదు. మరి శుక్రవారానికీ శనివారానికీ ఏం మారింది?

స్క్రీన్ మూలన బ్యాటరీ బొమ్మ చూశాను. అడాప్టర్ పెట్టి ఉంది. బ్యాటరీ 41 శాతం. రెండు గంటల కింద కూడా 41.

అసలు 180 వాట్ల అడాప్టర్‌ను శుక్రవారం బయాస్ మార్చాక ఆఫీసుకి తీసుకెళ్ళి అక్కడే మరిచిపోయి వచ్చాను. శనివారం బిగింపు అయ్యాక బీరువా మీద పడున్న 90 వాట్ల డూప్లికేటు పెట్టాను. గుండ్రటి మూతి, మధ్యలో సూదిలాంటి పిన్ను, 19.5 వోల్టులు, అంతా ఒకేలా ఉంటుంది. కానీ ఆ మధ్య పిన్ను కరెంటుది కాదు. అడాప్టర్‌లో ఉండే చిన్న చిప్పు 'నేను ఇన్ని వాట్లు' అని ల్యాప్‌టాప్‌కి చెప్పే తీగ అది. జవాబు రాకపోతే మెషీన్ జాగ్రత్త పడుతుంది: బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని అట్టడుగు వేగానికి దించేస్తుంది. ఈ తరానికి ఆ అట్టడుగు 1.2 గిగాహెర్ట్జ్. బయాస్‌లో అడాప్టర్ అన్న లైను దగ్గర 'తెలియదు' అని రాసే ఉంది. మొదటి రోజు ఆ పేజీ రెండుసార్లు తెరిచాను, ప్రాసెసర్ పేరు చూసి మూసేశాను.

సోమవారం ఆఫీసు నుంచి అడాప్టర్ తెచ్చి పెట్టాను. క్షణంలో 3.1.

విండోస్ వాడేవాళ్ళు థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీడీ ప్రోక్‌హాట్ (వేగం తగ్గించమని ప్రాసెసర్‌కి బయటి నుంచి వచ్చే సంకేతం) టిక్కు తీసేస్తే ఈ అడ్డు తొలగుతుంది. 90 వాట్ల అడాప్టర్ మీద ఆ పని చేయొద్దనే నా మాట. పూర్తి లోడ్‌లో గోడ దగ్గర నాకు 88 వాట్లు కనిపించాయి, అదీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. బ్యాటరీ ఛార్జింగ్ కూడా కలిస్తే ఆ డబ్బా అంతకు మించి లాగాలి. ఆ డూప్లికేటు ఈ-వేస్ట్ సంచిలోకి పోయింది.

ఖర్చు: ఇంకో పేస్టు ట్యూబు 420. మొత్తం రూ. 4,110. బడ్జెట్ దాటింది, అదీ నా తొందర వల్ల.

దశ 5: 3630, ఈసారి నిజంగా (ఏప్రిల్ 14)

- సమయం: 43 నిమిషాల 13 సెకన్లు (24.3 ఫ్రేములు)
- వేగం: నాలుగు కోర్లూ 3.2
- వేడి: 98 డిగ్రీలు, గది 34

సమయం సగానికి పడింది. వేడి మాత్రం నచ్చలేదు. హీట్‌సింక్ మళ్ళీ లేపి చూస్తే పేస్టు ముద్ర కథంతా చెప్పింది. చిప్పు ఒక మూల పేస్టు తొక్కినట్టు పలచబడి ఉంది, ఎదురు మూల వేసింది వేసినట్టే మందంగా ఉంది. అంటే హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. ఒక స్క్రూ పూర్తిగా బిగించాక పక్క స్క్రూకి వెళ్ళిన ఫలితం. ఈసారి ఒక మూల రెండు చుట్లు, దానికి ఎదురు మూల రెండు చుట్లు, అలా కారు చక్రం నట్లు బిగించినట్టు బిగించాను.

- వేడి: 88 డిగ్రీలు. పది డిగ్రీలు ఒక్క స్క్రూడ్రైవర్‌తో తగ్గాయి.

వోల్టేజీ తగ్గించి ఇంకా చల్లబరచవచ్చా అని ఎవరైనా అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌తో ఆ సౌకర్యం నాలుగో తరం నుంచి వచ్చింది. ఈ మామూలు క్యూఎం చిప్పుల్లో లేదు.

దశ 6: అసలు 3740 (ఏప్రిల్ 22)

ఈసారి కవరు విప్పగానే కోడ్ చదివాను: ఎస్‌ఆర్0యూవీ. కిటికీ దగ్గర వెలుతురులో పిన్నులని ఏటవాలుగా చూశాను. 988 పిన్నులు గడ్డి మొలిచినట్టు వరసల్లో నిలబడితే, మూల దగ్గర రెండు మాత్రం ఎవరో తొక్కినట్టు వాలి ఉన్నాయి.

గుండె జారింది గానీ దీనికో ఉపాయం ఉంది. 0.5 మెకానికల్ పెన్సిల్‌లో సీసం తీసేస్తే, దాని లోహపు మూతి పిన్ను మీదికి తొడుగులా దిగుతుంది. పిన్ను మొదలు దాకా దింపి, ఒక వెంట్రుకవాసి లేపి, ఆపి, పక్క నుంచి చూసి, మళ్ళీ వెంట్రుకవాసి. ఒకేసారి నిలబెట్టాలని చూస్తే మొదట్లో విరుగుతుంది. ఫ్యాను ఆపేసి, ఊపిరి బిగబట్టి, రెండు పిన్నులకి ఇరవై నిమిషాలు. తర్వాత చిప్పు దాని బరువుకే సాకెట్‌లోకి దిగింది. దిగకపోతే ఇంకా వంకర ఉందని అర్థం, వేలితో నొక్కకూడదు.

- సమయం: 41 నిమిషాల 30 సెకన్లు (25.3 ఫ్రేములు)
- వేడి: 91 డిగ్రీలు, గది 34
- వేగం: మొదటి అరనిమిషం 3.5. ఆ తర్వాత 3.3కి కాస్త అటూ ఇటూ, సగటు 3.33.

3630తో పోలిస్తే మిగిలింది నిమిషం 43 సెకన్లు.

సీటీసీ లెక్కలో తప్పు ఇదే. చిప్పు పేరు మీది 3.5 కొద్ది సెకన్ల మాట. మొదట 56 వాట్ల దాకా తాగనిచ్చి, సుమారు 28 సెకన్ల తర్వాత 45 వాట్ల గీత దగ్గర కళ్ళెం పడుతుంది. 3630 తన 3.2ని ఆ 45 వాట్ల లోపే నిలబెట్టుకుంటుంది. 3740 తన 3.5ని నిలబెట్టుకోలేదు. 300 మెగాహెర్ట్జ్ అనుకుని వెయ్యి రూపాయలు కట్టాను, గంటల తరబడి నడిచే పనిలో చేతికొచ్చింది 130. 3840 కొన్నా ఇదే గీత, ఇదే కళ్ళెం.

ఒక్క కోరు పనిలో మాత్రం తేడా దక్కింది. ఒకే థ్రెడ్‌తో పెద్ద ఫోల్డర్‌ని జిప్ చేస్తే 3630కి 61 సెకన్లు, 3740కి 56. ఇంకో సంగతి: ఐ5 ఒక్క కోరుతో 3.3 దాకా వెళ్ళేది, 3630 వెళ్ళేది 3.4. బ్రౌజర్ చకచకా తెరుచుకుంటుందని ఆశపడి ఐ5 తీసి 3630 పెట్టేవాళ్ళకి ఏ తేడా కనిపించదు. వాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ఆ 1,900తో ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవడం మేలు.

మళ్ళీ కొనాల్సి వస్తే నేను 3630 తీసుకుంటాను. పొరపాటున పంపిన చిప్పే నాకు సరైన చిప్పు. తిరిగి పంపడానికి ప్యాక్ చేస్తుంటే, దీన్నే ఉంచుకుని తేడా వెయ్యి వెనక్కి ఇమ్మని ముందే అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అప్పటికే 3740 బిగించేశాను, ఆ రెండు పిన్నుల జోలికి మళ్ళీ వెళ్ళే ధైర్యం లేదు.

దశ 7: పద్దు (ఏప్రిల్ 23)

1. పేస్టు రెండు ట్యూబులు: 840
2. ఆల్కహాల్, బ్రష్షు, దూది: 250
3. చిప్పు, కొరియర్: 3,020
4. 3630 తిరిగి పంపిన కొరియర్: 110
5. పాత ఐ5 అమ్మితే వచ్చింది: 400

నికరం రూ. 3,820. ఐ5 అమ్ముడుపోయింది కాబట్టే బడ్జెట్ లోపల పడ్డాను.

నా పద్ధతిలోనే చేయాలనుకునేవాళ్ళు 3630తో, ఒకే ట్యూబుతో చేస్తే: 420 + 250 + 1,900 + 120, మొత్తం 2,690. పాత చిప్పు అమ్ముడుపోతే 2,290.

గ్రాఫిక్స్ చిప్పు మీద పేస్టు ఇంకా 2012 నాటిదే కావచ్చు, దాన్ని ముట్టుకోలేదు. రెండో ట్యూబులో సగం మిగిలి ఉంది. అక్క దగ్గర్నుంచి ప్రాబబిలిటీ పాఠాలు పదకొండు వచ్చి పడ్డాయి, అవి అయ్యేదాకా మూత తీసేది లేదు.